ఆరు గుమ్మడి స్కోన్లు, ఏడడుగుల మూడంగుళాలు

మరాండి స్టేషన్‌లో ఉదయం ఏడు గంటల పది నిమిషాలకి మా డేరాల వాళ్ళ రైలు ఆగినప్పుడు, గుర్రాల పెట్టె తలుపు కిందనుంచి ఒక కుడికాలు బయటికి వచ్చింది. మేజోడు ఉంది, బూటు లేదు. మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. కాలి వెనకాల మనిషి కూడా ఉన్నాడు కానీ, తలుపు మూసి ఉండటం వల్ల ప్లాట్‌ఫారం మీద ఎవరికీ ఆ సంగతి తెలీదు. స్టేషన్ మాస్టరు దగ్గరికొచ్చి, కాసేపు వంగి చూసి, జేబులోంచి పుస్తకం తీసి, "గుర్రాల పెట్టె, నాలుగో నెంబరు. కాలు ఒకటి. చీటీ లేదు" అని రాసుకున్నాడు.

ఈలోగా చెరుకు కోతకి వెళ్తున్న కూలీలు పదకొండు మంది చుట్టూ చేరారు. ఒకడు తన బూటు విప్పి పక్కన పెట్టి చూశాడు. బూటు ఆ పాదంలో సగానికి వచ్చింది.

మా యజమానురాలు మిసెస్ కాట్రెల్ జుట్టు రింగులు తిరగడానికి చుట్టిన చుట్టలతో, ఉన్నపళాన రాత్రి గౌను మీదే పరుగెత్తుకొచ్చి, ఆ కాలి మీద పంచదార గోనె విసిరేసింది.

"పదకొండు మంది!" అంది నాతో. "టిక్కెట్టు లేకుండా పదకొండు మంది!"

"కాలే కదా, మిసెస్ కాట్రెల్" అన్నాను.

"కాలు చూసినవాడికి మిగతాది ఊహించుకోవడం ఎంతసేపయ్యా?"

పెట్టెలోంచి చాలా మెత్తటి గొంతు వినిపించింది. "క్షమించండి, మిసెస్ కాట్రెల్. మోకాలు పట్టేసింది. చాపుకోవడానికి ఇంకెటూ చోటు లేదు."

ఆ గొంతూ ఆ కాలూ ఆల్విన్ పస్కోవి. మా డేరా మీద వేలాడే బొమ్మల బోర్డులో అతని పేరు అది కాదు. "పటగోనియా మహాకాయుడు గోర్గో! ఎత్తు ఎనిమిది అడుగుల నాలుగు అంగుళాలు! పూటకో పచ్చి గొర్రె! మనిషి భాష రాదు!" ఈ నాలుగు ముక్కలూ డేరా ముందు ఎత్తు బల్ల మీద నిలబడి రోజుకి ఇరవై సార్లు గొంతు చించుకుని అరవడం నా వృత్తి. పద్దెనిమిదేళ్ళు అరిచాను. నాలుగింటిలో ఒక్కటీ నిజం కాదు.

ఆల్విన్ పుట్టింది దక్షిణాన మూంటా అనే రాగి గనుల ఊళ్ళో. పటగోనియా ఎక్కడుందని అతను నన్ను చాలాసార్లు అడిగాడు. నాకూ తెలీదు. పచ్చి గొర్రె మాట దేవుడెరుగు, గుడ్డు సగం ఉడికితే పళ్ళెం పక్కకి తోసేసేవాడు. ఇక ఎత్తు సంగతి. అసలు ఎత్తు ఏడడుగుల మూడంగుళాలు. మిగతా పదమూడు అంగుళాల్లో నాలుగు బూటు మడమల్లో ఉన్నాయి, ఏడు ఈకల టోపీలో ఉన్నాయి, చివరి రెండూ నా గొంతులో ఉన్నాయి.

ఏడడుగుల మూడంగుళాలు తక్కువేం కాదు. కానీ మా వృత్తిలో నిజం ఎంత పెద్దదైనా బోర్డుకి చాలదు.

పన్నెండో ఏడు దాకా ఆల్విన్ అందరి పిల్లల్లాంటి పిల్లాడే. ఆ తరవాత వాళ్ళమ్మ అతని లాగు అంచులు విప్పి కిందికి దింపడం మొదలుపెట్టి, ఆపలేకపోయింది. పదహారో ఏట తండ్రి గనిలో పనికి తీసుకెళితే, మనుషుల్ని లోపలికి దింపే తొట్టిలో పట్టలేదు. అడిలైడ్‌లో డాక్టరు పరీక్ష చేసి, తల లోపల చిక్కుడుగింజంత గ్రంథి ఒకటుందనీ, అది ఆగాల్సిన చోట ఆగలేదనీ, ఇప్పుడెవరూ చెయ్యగలిగింది లేదనీ చెప్పాడు. "అంత చిన్నది ఇంత పని చేసిందా!" అందిట వాళ్ళమ్మ. తలనొప్పులు, మోకాళ్ళ నొప్పులు అప్పటినుంచీ ఉన్నవే. అతను వాటి గురించి మాట్లాడేవాడు కాదు. మాట్లాడటానికి మనిషి భాష రాదు కదా మరి.

మా వాళ్ళ కట్టుబాటు ఒకటుంది. డేరాలో చూపించేదాన్ని డేరా బయట చూపించకూడదు. ఊరికే కనిపించేదానికి టిక్కెట్టెవడు కొంటాడు? అందుకని ఆల్విన్ గుర్రాల పెట్టెలో ప్రయాణం చేసేవాడు. అతని బండికి కిటికీ తెరలు పగలు తీసేవాళ్ళం కాదు. క్వీన్స్‌లాండ్ తీరం పొడుగునా ఏటా ఇరవై ఊళ్ళ షోలకి తిరిగాం. ఎద్దులూ గుర్రాలూ కోళ్ళూ కేకులూ ఊరగాయలూ ఊరు ఊరంతా తెచ్చి పోటీకి పెట్టే షోలు. పద్దెనిమిదేళ్ళలో ఆల్విన్ వాటిలో ఒక్కటి కూడా కళ్ళతో చూడలేదు. గుడ్డ వెనక కూచుని వినేవాడు. కట్టెలు కొట్టే పోటీలో గొడ్డలి చప్పుడు విని, "మూడో దుంగ వాడు గెలుస్తాడు" అనేవాడు. బయటికెళ్ళి చూస్తే మూడో దుంగ వాడే గెలిచేవాడు.

ఇంతకీ పగలంతా తెరలు మూసుకుని ఒక మనిషి ఏం చేస్తాడు? ఆల్విన్ స్కోన్లు చేసేవాడు.

గుమ్మడికాయ స్కోన్లు. మా వైపు మధ్యాహ్నం టీలోకి ఇవి లేని ఇల్లుండదు. గుమ్మడికాయ ఉడికించి మెదిపి, పిండీ వెన్నా కలిపి, గుండ్రంగా కోసి, పొంగేలా కాల్చిన చిన్న రొట్టెలు. బండి వెనక మూడు వైపులా గోనెపట్టాలు కట్టి, బొగ్గుల మీద ఇనప గిన్నె పెట్టి కాల్చేవాడు. అతని అరచేతిలో ఒక స్కోను పెడితే చొక్కా గుండీలా కనిపించేది.

వాళ్ళమ్మ మూంటా షోకి తొమ్మిదేళ్ళు వరసగా స్కోన్లు పంపింది. తొమ్మిదేళ్ళూ రెండో బహుమతే. మొదటిదానికి నీలం రిబ్బను, రెండోదానికి ఎరుపు. ఆవిడ పోయాక బట్టల పెట్టె అడుగున తొమ్మిది ఎర్ర రిబ్బన్లు దొరికాయి. ఆల్విన్ వాటిని బిస్కట్ల డబ్బాలో పెట్టుకుని గుర్రాల పెట్టెలో కూడా ఒళ్ళోనే ఉంచుకునేవాడు.

"రుచిలో అమ్మ ఎప్పుడూ తగ్గలేదు, మెర్వ్" అని చెప్పాడొకసారి. "సైజులే కుదిరేవి కావు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆరూ సమానంగా ఉండాలని వాళ్ళ రూలు. 'ఒక్క కడుపున పుట్టినవాళ్ళే సమానంగా లేరు, ఒక్క ముద్దలోవి ఎలా ఉంటాయిరా' అనేది నా వంక చూసి."

అందుకని ఆల్విన్ ప్రాణమంతా ఆ సమానం మీదే పెట్టాడు. షో రూళ్ళ పుస్తకం కంఠతా వచ్చు. "పళ్ళేనికి ఆరు. అడ్డం రెండంగుళాలు మించరాదు. కొలత చల్లారిన తరువాతనే తీయబడును." పిండి పొర మందం చూడటానికి రెండు పెన్సిళ్ళు, గుండ్రంగా కొయ్యడానికి పొగాకు డబ్బా మూత. ఇవీ పనిముట్లు.

కానీ గోర్గో పేరుతో స్కోన్లు పోటీకి పంపలేం కదా. పచ్చి గొర్రెలు తినేవాడు వెన్న ఎంత వేస్తాడో ఎవరు నమ్ముతారు? అందుకని రెండేళ్ళు మా ఆవిడ పేరుతో పంపాం. మిసెస్ ఎల్సీ టూహీ. నాలుగు ఊళ్ళలో మొదటి బహుమతి వచ్చింది.

మా ఎల్సీ మంచి మనిషి. వంట సంగతి వస్తే, పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నేను తెల్లటి టోస్టు చూడలేదు. మొదటి నీలం రిబ్బనుకి ఎల్సీ సిగ్గుపడింది. రెండోదానికి కొత్త టోపీ కొంది. మూడోదాని తరవాత ఊళ్ళో ఆడవాళ్ళకి సలహాలివ్వడం మొదలుపెట్టింది. "పిండిదేముందమ్మా, చేతిలో ప్రేమ ఉండాలి" అనేది. నాలుగోది వచ్చేసరికి పేపర్లో ఆడవాళ్ళ పేజీలో ఫొటో పడింది. ఆ ఫొటో చూస్తూ నేను మాడిపోయిన మాంసం ముక్క నమిలాను.

మరాండిలో, అంటే ఆ కాలు బయటికొచ్చిన రోజునే, ఆల్విన్ దరఖాస్తు కాగితం తనే నింపి నా చేతికిచ్చాడు. "ఎ. పస్కో" అని ఉంది.

"ఇదేంటి? ఎల్సీ పేరు మీద నాలుగు నీలం రిబ్బన్లు వచ్చాయిగా" అన్నాను.

"వచ్చాయి. ఎల్సీకి."

నేను కాగితం మళ్ళీ చదివాను.

"అమ్మ రిబ్బన్ల పక్కన ఒక్క నీలంది పెట్టుకోవాలి, మెర్వ్. వాటన్నిటి చీటీల మీదా పస్కో అని ఉంది. పక్కన టూహీ అని పెడితే ఎవరో చుట్టం వచ్చి కూచున్నట్టుంటుంది."

ఎల్సీకి చెబితే మూతి ముడుచుకుంది. "అయితే నేను పోటీల నుంచి విరమించుకున్నానని పేపర్లో వేయించు" అంది.

పళ్ళెం నేనే పట్టుకెళ్ళాను. కేకుల మంటపానికి పెద్ద మిసెస్ ప్రిచెట్. ముక్కు చివర కళ్ళజోడు, మెడలో దారానికి కొలబద్ద. స్కోన్లు చల్లారేదాకా పక్కన కుర్చీ వేసుకుని కూచుని, ఆ తరవాత ఒక్కొక్కటీ కొలిచింది. ఆరూ కొలిచి, మళ్ళీ మొదటినుంచి కొలిచింది. మూడోసారి కొలవబోయి, తన కొలబద్ద వంక అనుమానంగా చూసింది.

మొదటి బహుమతి వచ్చింది. అది కాక మొత్తం వంటల విభాగానికే ఛాంపియన్. ఏడేళ్ళుగా ఆ ఛాంపియన్ రిబ్బను ఎవరికీ వదలని మిసెస్ హాడోకి రెండోది. ఆవిడ ఎర్ర రిబ్బనుని బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడింది.

నేను పరుగున వచ్చి వార్త చెప్పాను. ఆల్విన్ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కాసేపు కూచున్నాడు.

"చీటీ మీద ఏం రాశారు?" అన్నాడు చివరికి.

నేను దగ్గాను. "మిస్ ఎ. పస్కో."

"మిస్సా?"

"పోనిద్దూ, ఆల్విన్. మగాడు స్కోన్లు పంపుతాడని వాళ్ళెలా అనుకుంటారు? ఏ ఆగ్నెసో అనుకున్నారు. పస్కో అయితే ఉందిగా."

అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "మెర్వ్, నన్ను గోర్గో అన్నారు, ఊరుకున్నాను. పచ్చి గొర్రె తింటానన్నారు, ఊరుకున్నాను. మాటలు రావన్నారు, అదీ ఊరుకున్నాను. ఇది స్కోన్ల విషయం."

దిద్దించుకోవాలంటే మనిషి స్వయంగా వెళ్ళాలి. మరాండిలో ఇంకో ఆచారం ఉంది. ఆఖరి రోజు మధ్యాహ్నం రెండింటికి ఛాంపియన్ల ఊరేగింపు. ఛాంపియన్ గుర్రం, ఛాంపియన్ ఎద్దు, ఛాంపియన్ పొట్టేలు అన్నీ మైదానం చుట్టూ నడుస్తాయి. ఎద్దుకి ముందు ఛాంపియన్ వంటమనిషి తన పళ్ళెం పట్టుకుని నడవాలి. మైకులో మూడు పిలుపులు పిలుస్తారు. మూడో పిలుపుకి రాకపోతే రిబ్బను రెండోవాళ్ళకి పోతుంది.

మిసెస్ కాట్రెల్‌కి సంగతి తెలిసి బండి తెర తోసుకుని లోపలికొచ్చింది.

"నాలుగు వేల మంది! పట్టపగలు! నీకు మతిపోయిందా?"

"ఒక్క చుట్టే కదండీ" అన్నాడు ఆల్విన్.

"ఊరంతా ఊరికే చూశాక డేరాలోకి ఎవడొస్తాడు, నన్ను చూడ్డానికా? పైగా గేటు దగ్గర ఆ పోలీసు సార్జెంటు నిలబడతాడు. ఆరడుగుల ఆరంగుళాలు, జిల్లాకల్లా పొడుగు. నువ్వెళ్ళి వాడి పక్కన నిలబడితే లెక్క కట్టడం ఎంతసేపు? బోర్డు మీద ఎనిమిది నాలుగు అని రాయించింది నా డబ్బుతో!" గొంతు తగ్గించింది. "ఎల్సీ వెళ్తుంది మిస్ పస్కోగా. రిబ్బను తెచ్చి నీ చేతికే ఇస్తుంది. నువ్వు గనక అడుగు బయటపెట్టావో, నీ పెట్టె నేనే సర్ది రోడ్డు మీద పెడతా. తరవాత చెప్పలేదనకు!"

ఎల్సీ అప్పటికే టోపీ పెట్టుకుని గుమ్మంలో ఉంది.

"ఊం" అన్నాడు ఆల్విన్. గోర్గోగా వేదిక మీద అనేది ఆ ఒక్క శబ్దమే. మేమందరం దాన్ని సరేనని అర్థం చేసుకున్నాం. పద్దెనిమిదేళ్ళుగా దానికి అర్థాలు చెప్పి బతికినవాణ్ణి నేను. నేనే తప్పు చెప్పుకున్నాను.

రెండింటికి డేరా నిండా జనం. నలభై మంది. ఆల్విన్ వేదిక మీద ఈకల టోపీతో, పులి చర్మంలా రంగు వేసిన దుప్పటితో నిలబడి ఉన్నాడు. బయట మైకు మోగింది. "మిస్ ఎ. పస్కో, దయచేసి మైదానం గేటు దగ్గరికి రావలెను." ఆల్విన్ కదల్లేదు. నేను అరుపులో పచ్చి గొర్రె దాకా వచ్చాను.

ఈలోగా ఎల్సీ గేటు దగ్గరికెళ్ళింది. మిసెస్ ప్రిచెట్ కళ్ళజోడు పైకి తోసి చూసిందిట.

"మీరు మిసెస్ టూహీ కదూ? పేపర్లో ఫొటో చూశాను. నాలుగు నీలం రిబ్బన్లు! మీరు విరమించుకున్నారని విని ఎంత బాధపడ్డామో!"

అంతటి కీర్తి వచ్చాక మనిషి ఇంకొకరుగా మారడం కష్టం. ఎల్సీ ఆవిడకి రెండు సలహాలిచ్చి తిరిగొచ్చేసింది. డేరా అంచు పైకెత్తి నా వంక చూసి తల అడ్డంగా ఊపింది. ఆల్విన్ కూడా చూశాడు.

రెండో పిలుపు వినిపించింది. ఆల్విన్ టోపీ తీసి పక్కన పెట్టాడు. ఏడంగుళాలు పోయాయి. మెల్లగా వంగి, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, బూట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టాడు. పెద్ద వేళ్ళు, చిన్న ముడులు. నలభై మందీ చూస్తున్నారు. ఏదో ఒకటి అనకపోతే బాగోదు.

"ఇది పటగోనియా ఆచారం!" అని అరిచాను. "యుద్ధానికి వెళ్ళేముందు పాదరక్షలు విడుస్తారు!"

రెండో బూటు కూడా వచ్చింది. నాలుగంగుళాలు. దుప్పటి తీసి మడతపెట్టాడు. లోపల ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఉంది. అంటే పొద్దున్నే తొడుక్కుని కూచున్నాడన్నమాట. మేజోళ్ళతోనే వేదిక దిగి, డేరా గుమ్మంలో నడుం వంచి, బయటి ఎండలోకి వెళ్ళిపోయాడు. నలభై మందీ అతని వెనకాలే వెళ్ళారు. డేరాలో నేనూ నా చివరి రెండంగుళాలూ మిగిలాం.

నేను గేటు చేరేసరికి మూడో పిలుపు సగంలో ఉంది. మిసెస్ ప్రిచెట్ మైకు అబ్బాయికేదో చెబుతూ, మీద నీడ పడితే తలెత్తింది. తల ఇంకా ఎత్తింది. కళ్ళజోడు జారి కింద పడింది.

"ఎ. పస్కోనండీ" అన్నాడు ఆల్విన్ గొంతు తగ్గించి. "ఎ అంటే ఆల్విన్."

ఆవిడ వంగి కళ్ళజోడు తీసి తుడుచుకుని, చీటీ బల్ల మీద పెట్టి, మిస్ అన్నది రెండు గీతలు కొట్టేసింది. పైన మిస్టర్ అని రాసి, ఆల్విన్ అని పూర్తిగా రాసింది. అక్షరం అక్షరం చూస్తూ నిలబడ్డాడు ఆల్విన్. మనిషి ఎత్తు గురించి ఆవిడ ఒక్క మాట అడగలేదు.

"ఆరూ ఒక్క కొలత" అంది. "ముప్ఫై ఏళ్ళలో చూడలేదు. ఎలా కోశారు?"

"పొగాకు డబ్బా మూతతోనండీ."

"తిప్పుతూ కోశారా?"

"తిప్పితే పక్కకి ఒరుగుతాయి కదండీ. తిన్నగా నొక్కి తీసేస్తాను."

ఆవిడ తల పంకించింది. అలాంటి తల పంకింపు కోసం వాళ్ళమ్మ తొమ్మిదేళ్ళు ఎదురు చూసిందని ఆవిడకి తెలీదు.

పళ్ళెం చేతికిచ్చారు. నీలం రిబ్బను చొక్కాకి గుచ్చడానికి సార్జెంటు కుర్చీ తెచ్చి మిసెస్ ప్రిచెట్‌ని ఎక్కించాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. ఆ పక్కనే కంచెకి ఆనుకుని, ఆ తల ఎక్కడిదాకా వచ్చిందో కొలుచుకునేవాడొకడు ఉంటాడని అప్పుడు మాకు తట్టలేదు.

ఆల్విన్ నడిచాడు. వెనక ఛాంపియన్ ఎద్దు. బరువు ఎంతో బోర్డు మీద రాసి ఉంది కానీ ఆ రోజు అది దూడలా కనిపించింది. నేను జనాన్ని చూసి బతికినవాణ్ణి. జనం అరుస్తారు, ఈల వేస్తారు, వేరుశనగ పొట్టు విసురుతారు. నాలుగు వేల మంది నోరు మూసుకుని ఉండటం అదే మొదటిసారి. చుట్టు సగం తిరిగాక మోకాలు పట్టేసింది. కంచె పట్టుకుని ఆగిపోయాడు. పళ్ళెం మాత్రం వంచలేదు. వెనక ఎద్దు కూడా ఆగింది. దాన్ని పట్టుకున్న రైతు అదిలించలేదు, ఎద్దు మెడ తడుముతూ నిలబడ్డాడు. రెండు నిమిషాలు అలాగే. తరవాత ఆల్విన్ వెనక్కి తిరిగి ఎద్దుకి క్షమాపణ చెప్పి మళ్ళీ నడిచాడు. అప్పుడు కొట్టారు చప్పట్లు.

మైదానంలో ఆ ఊరేగింపు చూడనిది ఒక్క మిసెస్ కాట్రెల్. ఆవిడ మొహం రెండు చేతులతో కప్పుకుని టిక్కెట్లమ్మే గూట్లో కూచుంది.

చెప్పినట్టే ఆల్విన్ పెట్టె ఆవిడే స్వయంగా సర్దింది. చొక్కాలు, దుప్పటి, బిస్కట్ల డబ్బా. సాయంత్రం అయిదింటికి పెట్టె బయట పెట్టడానికి తెర తీసింది. ఎదురుగా వరస ఉంది. డేరా గుమ్మం నుంచి తిరుగుడు గుర్రాల రంగులరాట్నం దాకా. అందరూ ఆడవాళ్ళే. టోపీలు, చేతిసంచులు, పెన్సిళ్ళు. వరసలో మొట్టమొదట మిసెస్ హాడో, పక్కన ఆవిడ మొగుడు రెజ్ హాడో.

"చూడాల్సింది మధ్యాహ్నమే చూసేశారుగా?" అంది మిసెస్ కాట్రెల్ ఆశ్చర్యంగా.

"చూడ్డానికెవరొచ్చారమ్మా" అంది మిసెస్ హాడో. "గుమ్మడికాయ ఉడకబెడతాడో, పొయ్యిలో కాలుస్తాడో తేలాలి నాకు."

మిసెస్ కాట్రెల్ పెట్టె మళ్ళీ లోపలికి ఈడ్చింది. ఇంత బరువు పెట్టె ఇక్కడెవరు పెట్టారని నన్ను కసిరింది కూడా. ఒక్క విషయంలో మాత్రం పట్టు వదల్లేదు.

"మనిషి భాష రాదని బోర్డు మీద ఉంది. బోర్డు చెరపడానికి వీల్లేదు. వాడు మాట్లాడకూడదు."

"మూంటా వాడని మైకులో చెప్పేశారండీ" అన్నాను.

"మూంటాలో మాట్లాడుకోమను."

కాబట్టి ఆల్విన్ మళ్ళీ ఈకల టోపీ పెట్టుకుని, బూట్లు తొడుక్కుని వేదిక ఎక్కాడు. దుప్పటి మీద నీలం రిబ్బను గుచ్చుకున్నాడు. ఎవరు ప్రశ్న వేసినా "ఊం" అంటాడు, నేను పటగోనియా భాష నుంచి చెబుతాను.

"వెన్న ముందు కలపాలా, తరవాతా?"

"ఊం."

"వెన్నా పంచదారా ముందు గిలకొట్టుకోవాలంటున్నాడు మహాకాయుడు!"

"గుమ్మడికాయ నీరు కారితే?"

"ఊం, ఊం."

"గుడ్డలో వేసి పిండి, చల్లారనివ్వాలట! వేడిది కలిపితే పిండి పాడవుతుందని హెచ్చరిస్తున్నాడు!"

అందరూ రాసుకున్నారు. అతనికి ఇంగ్లీషు వచ్చని ఆ డేరాలో తెలియనివాళ్ళెవరూ లేరు. ఒక్కరూ నవ్వలేదు. నాలుగో వరసలో మా ఎల్సీ కూడా రాసుకుంటోంది.

మిసెస్ హాడో ప్రశ్నలన్నీ అయిపోయినా కదల్లేదు. సంచి పట్టీకి ఎర్ర రిబ్బను కట్టుకుని ఉంది. ఆల్విన్ దాన్ని చాలాసేపు చూశాడు. తరవాత వంగి, ఎప్పుడూ లేనంత పొడుగ్గా "ఊం" అన్నాడు. అందులో ఏముందో నాకు తెలీదు. కానీ బిస్కట్ల డబ్బా సంగతి తెలుసు.

"మీ స్కోన్లు రుచిలో ఏమాత్రం తగ్గలేదంటున్నాడండీ" అన్నాను.

ఆల్విన్ తల ఊపాడు. మిసెస్ హాడో ముక్కు చీదుకుని, "ఆ మాట నాకు తెలుసు" అంది.

ఏడేళ్ళ రిబ్బను పోయిన ఇంట్లో రాత్రి భోజనం ఎలా ఉండబోతోందో రెజ్ హాడోకి తెలిసినట్టుంది. పొగాకు నముల్తూ వేదిక దగ్గరికొచ్చాడు. చెరుకు రైతు, ఎండకి కాలిన మెడ, కొలతల మనిషి.

"ఇదిగో, అరిచే పెద్దమనిషీ" అన్నాడు నాతో. "బయట బోర్డు మీద ఎనిమిది అడుగుల నాలుగు అంగుళాలని రాశారు. మధ్యాహ్నం గేటు దగ్గర మా సార్జెంటు పక్కన నిలబడితే చూశా. సార్జెంటు ఆరున్నర. వీడు అతని కంటే సరిగ్గా తొమ్మిదంగుళాలు ఎక్కువ. అంటే ఏడు మూడు. పదమూడు అంగుళాలు తక్కువ! రెండు షిల్లింగులు పెట్టింది ఏడు మూడు చూడ్డానికా? ఇది మోసం కాదా?"

రాసుకుంటున్న పెన్సిళ్ళన్నీ ఆగిపోయాయి. టిక్కెట్లమ్మే గూట్లో మిసెస్ కాట్రెల్ కళ్ళు మూసుకుంది. ఆ పదమూడులో రెండు నావే. అయినా వృత్తి కదా, "ఊం" వస్తే ఏదో ఒకటి చెబుదామని ఆల్విన్ వైపు తిరిగాను.

"ఊం" రాలేదు. ఆల్విన్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, రిబ్బను సరిచేసుకుని, చక్కటి మూంటా ఇంగ్లీషులో తనే చెప్పాడు.

"బోర్డు మీదిది వేడి మీద తీసిన కొలతండీ, చల్లారాక ఏదైనా కాస్త కుంగుతుంది."